పడవ మీద ఎన్ని సోలార్ పలకలు?

ప్రశ్న: వశిష్ఠ పాయలో ఆరుగురు యాత్రికులు కూర్చునే 22 అడుగుల ఫైబర్ పడవ నడుపుతున్నాను. పెట్రోలు ఖర్చు భరించలేక కరెంటు మోటారుకు మారి, పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టించాలనుకుంటున్నాను. రోజుకు మూడు విడతలు, విడతకు 6 కిలోమీటర్లు తిప్పుతాను. 540 వాట్ల పలకలు రెండు చాలునని ఒకరు, ఐదు కావాలని మరొకరు అంటున్నారు. ఎవరి లెక్క సరైనది?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ఇద్దరి లెక్కా సరైనదే కావచ్చు. పడవ ఎంత వేగంతో నడవాలో మాత్రం ఇద్దరిలో ఎవరూ మిమ్మల్ని అడిగినట్లు లేదు. నీటిని తోసుకుంటూ వెళ్ళే మీలాంటి పడవకు కావలసిన శక్తి సుమారుగా వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 6 కిలోమీటర్ల దగ్గర ఒక కిలోవాట్ తీసుకునే పడవకు 10 కిలోమీటర్ల దగ్గర నాలుగున్నర కిలోవాట్లకు పైగా కావాలి. మీ 18 కిలోమీటర్లను నెమ్మదిగా మూడు గంటల్లో తిరిగితే 3 యూనిట్లు ఖర్చవుతాయి. అదే దూరాన్ని తొందరగా తిరిగితే 8 యూనిట్లు దాటుతుంది. యాత్రికులు కొబ్బరితోటలు చూడటానికే వస్తారు కనుక 6 కిలోమీటర్ల వేగం వారికి లోటు అనిపించదని నా అభిప్రాయం.

అయితే ఆ ఒక కిలోవాట్ అన్నది నా అంచనా మాత్రమే. మీ పడవ అడుగు ఆకారాన్ని, బరువును బట్టి అది మారుతుంది. మోటారు కొనకముందే దీనిని మీరు స్వయంగా కొలవవచ్చు. ఆరుగురిని ఎక్కించి, మీ ఇంజను మరను (నీటిని తోసే రెక్కలను) నీటిపైకి ఎత్తి, మరో పడవ చేత పొడవైన తాడుతో లాగించండి. తాడు మధ్యలో స్ప్రింగు త్రాసు కట్టి, ఫోనులో వేగం చూస్తూ, ప్రవాహానికి ఎదురుగా ఒకసారి, ప్రవాహం వెంట మరొకసారి వెళ్ళి సగటు తీయండి. 6 కిలోమీటర్ల దగ్గర త్రాసు 25 కిలోలు చూపితే లాగటానికి పట్టే శక్తి సుమారు 410 వాట్లు. మోటారులోనూ మరలోనూ సగానికి పైగా వృథా అవుతుంది కనుక బ్యాటరీ నుంచి 900 వాట్ల దాకా తీసుకోవలసి వస్తుంది. గాలికీ పోటుకూ కొంత కలిపితే ఒక కిలోవాట్ అవుతుంది.

ఇక పలకల లెక్క. మన తీరంలో మంచి రోజున దాదాపు ఐదు గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు దొరుకుతుంది. వేడి, దుమ్ము, పక్షుల రెట్టలు, తీగలలో నష్టం పోగా నూటికి డెబ్బై పాళ్ళు చేతికి వస్తుందనుకుంటే, రెండు పలకలు రోజుకు 3.7 యూనిట్లకు పైగా ఇస్తాయి. నెమ్మది నడకకు ఇది చాలు. వేగంగా నడపాలంటే ఐదు పలకలు కావాలి. అవి 13 చదరపు మీటర్లు ఆక్రమిస్తాయి, 140 కిలోల బరువు తూగుతాయి. అంత బరువు పైకప్పు మీద ఉంటే పడవ ఒరిగే గుణం పెరుగుతుంది. కేరళలో వైకోం, తవణక్కడవు మధ్య 2017 నుంచి నడుస్తున్న ‘ఆదిత్య’ అనే సోలార్ పడవ 75 మందిని ఎక్కించుకుని 20 కిలోవాట్ల పలకలను మోయగలుగుతున్నదంటే, 7 మీటర్ల వెడల్పున రెండు సన్నని పడవ అడుగుభాగాలను జతచేసి కట్టటమే అందుకు కారణం. మీది ఒకే అడుగుభాగం ఉన్న పడవ. రెండు పలకలు వేసినా సరే, పైకప్పు బరువు మారింది కనుక ప్రయాణికులను ఎక్కించుకునే ముందు తనిఖీ అధికారులకు మళ్ళీ చూపించండి.

బ్యాటరీగా 51.2 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం తీసుకోండి. అందులోని 5 యూనిట్లలో నాలుగు వాడుకున్నా దానికి హాని ఉండదు. ఒక్కొక్క పలక పని చేసే వోల్టేజి 41 ప్రాంతంలో ఉంటుంది కనుక విడిగా అది ఈ బ్యాటరీని నింపలేదు. రెండింటినీ వరుసగా (సీరీస్‌లో) కలపాలి. అప్పుడు, పలకల నుంచి కరెంటు తీసుకోని సమయంలో, వోల్టేజి దాదాపు 100కు చేరుతుంది కాబట్టి 150 వోల్టులు తట్టుకునే, 30 ఆంపియర్ల ఎంపీపీటీ కంట్రోలర్ (పలకల నుంచి వీలైనంత శక్తిని రాబట్టి, బ్యాటరీకి తగిన వోల్టేజికి మార్చే పరికరం) వాడాలి. వరుసగా కలిపినందువల్ల ఒక చిక్కు వస్తుంది: ఒక కొబ్బరి మట్ట నీడ ఒక పలక మీద పడినా మొత్తం రాబడి బాగా పడిపోతుంది. మన రేవుల్లో నీడకు కొదవ లేదు. పది నుంచి మూడు గంటల దాకా పడవను ఎండలో కట్టే చోటు చూసుకోండి.

ముసురు పట్టిన రోజుల్లో రెండు యూనిట్లు వస్తే గొప్ప. అందుకని రేవులో ఇంటి కరెంటుతో పనిచేసే 15 ఆంపియర్ల చార్జర్ ఒకటి తప్పక పెట్టుకోండి. ఆరు గంటల్లో బ్యాటరీ నిండుతుంది. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. మీ దగ్గర పోటుతో ఉప్పునీరు వస్తుంది కనుక తగరం పూసిన రాగి తీగలే వాడండి.

ప్రశ్న: ఈ-రిక్షాల్లో వాడే లెడ్ ఆసిడ్ బ్యాటరీలు చవక కదా, వాటినే పడవలో పెట్టకూడదా?
– మరో పాఠకురాలు, నరసాపురం

జవాబు: పెట్టవచ్చు. కానీ వాటిని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతాయి. 3 యూనిట్లు వాడాలంటే 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు నాలుగు చాలవు; 48 వోల్టుల కోసం నాలుగేసి చొప్పున కలపాలి కనుక ఎనిమిది కావాలి. వాటి బరువు రెండు క్వింటాళ్ళు దాటుతుంది. అంటే టిక్కెట్టు కొనని ముగ్గురు ప్రయాణికులను రోజూ మోసినట్లే. అయినా పెట్టదలచుకుంటే, చార్జింగ్ సమయంలో వెలువడే హైడ్రోజన్ పోవటానికి పెట్టె పైభాగాన రంధ్రాలు వదలండి. స్విచ్చులను, ఫ్యూజులను ఆ పెట్టెలో పెట్టకండి.