ఎర్రమట్టి దిబ్బలకు పావుగంట చాలుతుందా?

వైజాగ్‌లో రెండ్రోజులు ఉంటామనీ, భీమిలి వెళ్ళే దారిలోని ఎర్రమట్టి దిబ్బలు పావుగంటలో చూసేసి రావొచ్చా అనీ అడిగారు. పావుగంటలో వచ్చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అప్పుడు మిట్టమధ్యాహ్నం వెళ్ళాం. పైన గట్టు మీద నిలబడి నాలుగు ఫొటోలు తీసుకుని, ‘చెరువు పూడిక తీసినచోటా ఇలాగే ఉంటుంది కదా’ అనుకుంటూ కారెక్కేశాం.

రెండోసారి దసరా సెలవుల్లో, భీమిలిలో ఉండే మా మావయ్య పొద్దున్నే ఆరున్నరకి తీసుకెళ్ళారు. పైన నిలబడనివ్వలేదు. జీడిచెట్ల పక్కనుంచి కాలిబాట పట్టించి నేరుగా గెడ్డలోకి, అంటే వాన నీళ్ళు కోసిన వాగులోకి దింపారు. ఇరువైపులా రెండు మూడు నిలువుల ఎత్తున ఎర్రటి గోడలు, వాటినిండా నిలువు చారికలు, పైనుంచి వేలాడుతున్న చెట్ల వేళ్ళు. కాళ్ళ కింద చీలమండ తడిసేంత నీళ్ళు. నాలుగడుగులకోసారి దారి రెండుగా చీలుతుంది. రోడ్డు మీది హారన్లు కూడా వినపడవు.

గోడని వేలితో రుద్దమన్నారు. పంచదారలా రాలింది. పేరుకే మట్టిగానీ, అది ఇసుకండీ. సుమారు 20 వేల ఏళ్ళ కిందట సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా తక్కువగా ఉండేది. బయటపడిన ఇసుకని గాలి ఎగరేసి తీరం వెంట కుప్పలు పోసింది. ఇసుకలోని ఇనుప ఖనిజాలు తుప్పుపట్టి రేణువు రేణువుకీ ఎర్రపూత వేశాయి. ఆ తర్వాత కోత పని వానది. ఇలాంటి ఎర్ర ఇసుక తిన్నెలు తమిళనాడులో, శ్రీలంకలో కూడా ఉన్నాయి. 2014లో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ (జీఎస్‌ఐ) ఈ ఎర్రమట్టి దిబ్బల్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకీ చేరాయి.

అంత గొప్ప గోడ మీద కూడా ఎవరో పేర్లు చెక్కారు. నాకు ఒళ్ళు మండింది. మావయ్య మాత్రం, “వచ్చే వానకి పోతాయిలేరా, కానీ గోడ కూడా కొంత పోద్ది” అన్నారు. అందుకే దయచేసి గోడలెక్కకండి, పిల్లల్నీ ఎక్కనివ్వకండి. పెళ్ళలు విరిగి మీద పడితే మీకూ ప్రమాదమే.

జోరువానలో గెడ్డలోకి దిగొద్దు. వాన వెలిసిన మర్నాడు వెళ్తే రంగు ఇంకా ముదురుగా కనిపిస్తుంది. లేత రంగు బట్టలు వేసుకోవద్దు. నా తెల్ల లుంగీకి అంటిన ఎరుపు మూడు ఉతుకులకీ వదల్లేదు. (లుంగీతో ఎవరు వెళ్ళమన్నారని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.) దిగిన చోట ఏదైనా చెట్టుని గుర్తుపెట్టుకోండి. మేము పైకొచ్చే దారి తప్పి అరగంట తిరిగాం, ఎటు చూసినా అవే గోడలు.

పొద్దున్న రెండు గంటలు కేటాయించండి. నీళ్ళ సీసాలు నగరంలోనే కొనుక్కుని బయల్దేరండి. తొమ్మిదికల్లా పైకొచ్చేస్తే టిఫిన్‌కి భీమిలి దగ్గరే.