ఎండ తగ్గితే పాలెందుకు తగ్గాయి? ఫోన్‌లో వాతావరణం చూసే పద్ధతి

రైతు సందేహం: సార్, మాది పల్నాడులో ఒక చిన్న టౌన్ పక్క పల్లె. ఆరు గ్రేడెడ్ ముర్రా గేదెలున్నాయి, నాలుగు పాలిస్తున్నాయి. రేకుల షెడ్డు, చుట్టూ గోనె పట్టాలు. పోయినేడాది సన్నటి నీటి తుంపర చల్లే ఫాగర్లు కూడా పెట్టించాను. పోయిన వారం ఫోన్‌లో మా టౌన్‌కు 43 డిగ్రీలు చూపించినా పాలు పెద్దగా తగ్గలేదు. ఈ వారం 38కి దిగింది, మబ్బు పడుతోంది. అమ్మయ్య అనుకుంటే, రెండు పూటలా కలిపి నాలుగు లీటర్లు తగ్గాయి. ఫాగర్లు ఆపకుండా నడుపుతున్నా రాత్రిళ్లు రొప్పుతున్నాయి. ఒక గేదె ఎదకు రావాల్సిన రోజులు దాటిపోయాయి. ఎండ తగ్గితే పాలు తగ్గడమేంటి? ఫోన్‌లో చూపించేది నమ్మొచ్చా? నాలుగు రోజుల్లో వాన అంటున్నారు. వాడిపోయిన జొన్న మేత కోసి వేయొచ్చా?

నిపుణుల సలహా: అసలు సంగతి మీరే రాశారు, రాత్రిళ్లు రొప్పుతున్నాయని. పగటి ఎండ తగ్గింది, నిజమే. గేదెకు మాత్రం వేడి తగ్గలేదు, పెరిగింది.

గేదె నల్లటి తోలు ఎండను బాగా పీల్చుకుంటుంది. చెమట గ్రంథులు ఆవుకున్నన్ని ఉండవు. అందుకే అది నీళ్లలో, బురదలో పడుకోవాలని చూస్తుంది. కట్టేసిన గేదెకు ఆ వీలు లేదు కాబట్టి పగలు ఒంట్లో చేరిన వేడిని రాత్రి చల్లగాలికి వదులుకుంటుంది. పగలు చేసిన అప్పు రాత్రి తీర్చుకోవడం లాంటిది ఇది. పోయిన వారం అప్పు పెద్దదే, కానీ తెల్లారేసరికి తీరిపోయేది. ఈ వారం రాత్రి కూడా చల్లబడకపోవడంతో పాత బాకీ మీద కొత్త బాకీ చేరుతోంది.

లెక్క చూద్దాం. పశువైద్యంలో ఉష్ణోగ్రతను, గాలిలో తేమను కలిపి ఒక సూచీ కడతారు. విదేశీ, సంకర జాతి ఆవులకు అది 72 దాటితే ఒత్తిడి మొదలవుతుంది. గేదె ఇంకాస్త ఓర్చుకుంటుంది గానీ, 80 దాటి గంటల తరబడి ఉంటే దానికీ కష్టమే. మీరు తేమ ఎంతో రాయలేదు కాబట్టి పోయిన వారం పొడి ఎండకు 20 శాతం, ఈ వారం ఉక్కకు 50 శాతం అనుకుందాం. 43 డిగ్రీలు, 20 శాతం తేమకు సూచీ సుమారు 87 వస్తుంది. 38 డిగ్రీలు, 50 శాతానికి దాదాపు 89. అయిదు డిగ్రీలు తగ్గినా సూచీ రెండు పెరిగింది. రాత్రి సంగతి ఇంకా తేడా. 26 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న రాత్రికి 73 వస్తుంది. 31 డిగ్రీలు, 65 శాతం ఉన్న రాత్రికి 82. మీ పాలు పోయింది ఇక్కడే.

ఇంకో సంగతి. వేడి దెబ్బ పాలలో అదే రోజు కనిపించదు, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా బయటపడుతుంది. ఈ ఉదయం మీ బకెట్‌లో తగ్గిన పాలు మొన్నటి వేడి లెక్క. అందుకే పాలు తగ్గాక జాగ్రత్తపడితే ఆలస్యమైనట్టే. వాతావరణం ముందే చూసుకోమనేది ఇందుకే.

ఇక ఫోన్ నమ్మొచ్చా అన్నారు. నమ్మండి, కానీ అది ఏం చెబుతోందో తెలుసుకుని నమ్మండి. ఫోన్‌లో మీ టౌన్ పేరు పక్కన కనిపించే అంకె చాలాసార్లు అక్కడ కొలిచింది కాదు. చిన్న టౌన్లన్నిటిలో వాతావరణ కేంద్రాలు ఉండవు. కంప్యూటర్ దేశాన్ని గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక అంచనా వేస్తుంది. మన దేశంలో 2025 మే నెలలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి 6 కిలోమీటర్లు, అంతకుముందు 12 కిలోమీటర్లు ఉండేది. మీ టౌన్, మీ పల్లె, మధ్యలో ఉన్న చెరువు అన్నీ ఒకే గడిలో పడవచ్చు.

నిజంగా కొలిచిన అంకె అయినా అది నీడలోది. గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున థర్మామీటర్ పెట్టి కొలుస్తారు. మీ గేదె ఉన్నది మిట్టమధ్యాహ్నం చెయ్యి పెడితే చుర్రుమనే రేకు కింద. ఆ రేకు సాయంత్రం దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. కాబట్టి షెడ్డులో గేదె వీపు ఎత్తున ఒక మామూలు గోడ థర్మామీటర్ వేలాడదీయండి. మూడు నాలుగు రోజులు ఫోన్ అంకె, షెడ్డు అంకె పక్కపక్కన రాసి చూడండి. తేడా ఎంతో తెలిస్తే తర్వాత ఫోన్ చూసి షెడ్డు వేడి మీరే చెప్పగలరు.

అందరూ గరిష్ఠ ఉష్ణోగ్రత చూసి ఫోన్ మూసేస్తారు. మీరు ముందు కనిష్ఠం చూడండి, ఆ తర్వాత సాయంత్రం ఏడు నుంచి తెల్లవారుజాము దాకా తేమ, గాలి వేగం చూడండి. కనిష్ఠం 28 దాటి, తేమ 60 దాటి, గాలి లేదని ఉంటే ఆ రాత్రి గేదెలకు గండమే అనుకోండి. ఇవి నా అనుభవంలో పెట్టుకున్న గీతలు, రూల్ కాదు. 'ఫీల్స్ లైక్' అని ఇంకో అంకె ఇస్తారు. అది మనిషి ఒంటికి కట్టిన లెక్క, గేదెకు సరిపోదు. అయితే అసలు ఉష్ణోగ్రత కంటే అది బాగా ఎక్కువగా కనిపిస్తే గాలిలో తేమ ఉందని గుర్తు. అయిదు రోజుల దాకా అంచనాను పనికి వాడుకోవచ్చు. పదిహేను రోజుల అంకెలు చూసి టెన్షన్ పడకండి.

వడగాలి హెచ్చరిక రాలేదు కదా అని మీకు అనిపించి ఉండొచ్చు. రాదు. భారత వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతానికి వడగాలి అనాలంటే గరిష్ఠం కనీసం 40 ఉండి మామూలు కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువ కావాలి, లేదా నేరుగా 45 తాకాలి. రాత్రి వేడికి విడిగా హెచ్చరిక ఉంది గానీ, దానికీ ఆ పగలు 40 ఉండాలన్న షరతు ఉంది. మీ 38 డిగ్రీల రోజు రెంటికీ అందదు. బులెటిన్‌లో ఎక్కడో 'వేడి, ఉక్కపోత' అని ఒక ముక్క ఉంటుంది. పాడి రైతు వెతుక్కోవాల్సింది ఆ ముక్క కోసం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోలు పగిలేది పొడి ఎండకు. మే చివర్లో రుతుపవనాల ముందు తేమ దిగుతుందే, మన గేదెను దెబ్బతీసేది అది.

ఫాగర్ల విషయంలో కోపగించుకోకండి, ఈ వారం అవే మీకు ఎదురు తిరిగాయి. ఫాగర్ గాలిని చల్లబరచాలంటే ఆ సన్నటి తుంపర ఆవిరైపోవాలి. పొడిగాలి ఆ ఆవిరిని తాగేస్తుంది, తేమ నిండిన గాలి తాగలేదు. నమ్మకం కుదరకపోతే థర్మామీటర్ గుండుకు తడి బట్ట చుట్టి విసనకర్రతో విసిరి చూడండి. 43 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న రోజు అది 25 దాకా దిగుతుంది. 38 డిగ్రీలు, 50 శాతం ఉన్న రోజు 29 దగ్గర ఆగిపోతుంది. నీళ్లతో గాలిని అంతకంటే చల్లబరచడం కుదరదు. పైగా పట్టాలు దించి, లోపల ఫాగర్ ఆపకుండా నడిపితే తేమ బయటికి పోయే దారి ఉండదు. గేదెలను ఆవిరి కుండలో కూర్చోబెట్టినట్టే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక రైతుకు పట్టాలు దించేయమని చెప్పి, రాత్రి తొమ్మిదింటికి వెళ్లి చూసి నాలుక కరుచుకున్నాను. లోపల అడుగు పెడితే కళ్లద్దాలకు ఆవిరి పట్టేసింది.

అందుకని రోజును బట్టి పద్ధతి మార్చండి. పొడి వడగాలి కొట్టే రోజు గాలి వచ్చే వైపు గోనె పట్టాలు దించి తడపండి, ఎదురు వైపు తెరిచి ఉంచండి, ఫాగర్లు విడతలు విడతలుగా నడపండి. ఉక్క రోజు పట్టాలన్నీ పైకి కట్టేయండి, ఫాగర్లు ఆపేయండి. గాలిని చల్లబరచడం మాని గేదె ఒంటినే తడపండి. పైపుతోనో బకెట్‌తోనో తోలు పూర్తిగా తడిసేలా రెండు మూడు నిమిషాలు నీళ్లు పోసి, పావుగంట ఫ్యాన్ గాలి తగలనివ్వండి. అరగంటకోసారి మళ్లీ చేయండి. ఫ్యాన్ లేకుండా నీళ్లు మాత్రమే పోస్తే సగం ఫలితమే. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఈ పని చేస్తే రాత్రి అప్పు చాలావరకు తీరుతుంది. రాత్రి గాలి ఆడుతుంటే షెడ్డులో ఉంచకండి, ఆరుబయట కట్టేయండి. పాలు పితికే ముందు కడిగితే పొదుగు తుడిచి ఆరాకే పితకండి, లేకపోతే పొదుగువాపు తెచ్చుకున్నట్టే. రేకు మీద తెల్ల సున్నం కొట్టించండి, లేదా వరిగడ్డో తాటాకో పరిపించండి.

మేత వేళలు మార్చాలి. గడ్డి అరిగేటప్పుడు పొట్టలో వేడి పుడుతుంది. పొద్దున పదింటికి వేసిన ఎండుగడ్డి సరిగ్గా ఎండ ముదిరే వేళకు లోపల పొయ్యి రాజేస్తుంది. ఎండుగడ్డి రాత్రి ఎనిమిది తర్వాత వేయండి. దాణా, పచ్చిమేత తెల్లవారుజామున, చల్లబడ్డాక. పాలిచ్చే గేదె ఈ రోజుల్లో 70 నుంచి 100 లీటర్ల నీళ్లు తాగుతుంది. తొట్టి నీడలో ఉందా? ఎండలో కాగిన నీళ్లను అది మూతి పెట్టి వదిలేస్తుంది. దాణాలో రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు కలపండి.

ఎదకు రాలేదన్న గేదె వచ్చే ఉండొచ్చు, మీరు చూసి ఉండరు. వేసవిలో గేదెది మూగ ఎద. అరవదు, ఉన్నా లక్షణాలు రాత్రి పూటే. రాత్రి పదింటికి, తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లి చూడండి. మానం నుంచి జిగురు తీగలా సాగుతోందా, మాటిమాటికీ మూత్రం పోస్తోందా గమనించండి. రాత్రి కనిపిస్తే మర్నాడు ఉదయం, ఉదయం కనిపిస్తే ఆ సాయంత్రం చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించండి. ఇప్పటికే చూడి కట్టి ఉండే అవకాశం కూడా ఉంది కాబట్టి ఒకసారి డాక్టరుతో పరీక్ష చేయించండి.

నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, సొంగ కారుస్తూ నిలబడలేకపోతే అది వడదెబ్బ. అప్పుడు ఒంటి వేడి 105 ఫారన్‌హీట్ దాటి ఉంటుంది, మామూలుగా అయితే 101 దగ్గర ఉండాలి. నీడకు తెచ్చి కాళ్ల నుంచి మొదలుపెట్టి తల దాకా నీళ్లు పోస్తూనే ఉండండి, గాలి విసరండి, పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. గొట్టంతో బలవంతంగా నీళ్లు మాత్రం పట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇక జొన్న. వేయొద్దు. నీళ్లు లేక వాడి గిడసబారిన లేత జొన్నలో సైనైడ్ విషం చేరి ఉంటుంది, మీ వైపు నాము అంటారే, అదే. వాన పడ్డాక పచ్చగా కనిపిస్తుంది, అప్పుడే ఎక్కువమంది మోసపోతారు. ఎండ దెబ్బ తిన్న పైరు వాన తర్వాత వేసే కొత్త చిగుళ్లు మరీ ప్రమాదం. వాన పడినా కనీసం పది రోజులు ఆగి, పైరు సగం పూతకు వచ్చాక కోసి, ఒక పూట ఆరబెట్టి, ఎండుగడ్డితో కలిపి కొద్దికొద్దిగా అలవాటు చేయండి. మోకాలెత్తు లేని పైరులోకి పలుపు విప్పి తోలొద్దు. తిన్న పావుగంటకే తూలి పడిపోతే ఇంటి వైద్యాలతో కాలం గడపకండి. విరుగుడు డాక్టరు నరానికి ఇచ్చే ఇంజెక్షనే, అదీ నిమిషాల్లో పడాలి.

వాన సూచన అన్నారు కాబట్టి ఒక మాట. వేసవి వానలు సాయంత్రం ఈదురుగాలితో, పిడుగులతో వస్తాయి. దామిని యాప్ మీరున్న చోటుకు 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగుల సమాచారం ఇస్తుంది. ఉరుము వినబడగానే ఆరుబయట కట్టిన గేదెలను చెట్ల కిందికి తోలకండి, షెడ్డులోకి తెచ్చి ఇనుప స్తంభాలకు దూరంగా కట్టండి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఇంకా వేయించకపోతే తొలకరి రాకముందే, పొద్దున చల్లటి పూట వేయించేయండి. రొప్పుతున్న రోజు మాత్రం టీకా వద్దు. గేదెలు తేరుకున్నాక వేయించవచ్చు.