థైమస్‌లో బి కణాలకు పనేంటి?

"థైమస్ టి కణాలది కదా, అక్కడ బి కణాలెందుకు? ఇన్ఫెక్షన్ లేకుండా ఎలా యాక్టివేట్ అవుతాయి?" అని ఒకరు అడిగారు. థైమస్ అంటే రొమ్ము ఎముక వెనక ఉండే గ్రంథి, టి కణాలు పక్వమయ్యేది అక్కడే. టి, బి రెండూ రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు, యాంటీబాడీలు తయారుచేసేది బి కణాలు. నేను కర్నూలులో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. "టి అంటే థైమస్, బి అంటే బోన్ మారో, రాసుకోండి" అని ఏళ్ల తరబడి రాయించినోణ్ణే. (ఆ బి అక్షరం కూడా నిజానికి కోడిలో ఉండే బర్సా అనే అవయవం నుంచి వచ్చింది. అది వేరే సంగతి.)

మా అక్క జబ్బుతో నా లెక్క తప్పింది. పొద్దున ఉగ్గాని బజ్జీ బాగానే తినేది. రాత్రికి నాలుగు ముద్దలు నమిలేసరికి దవడలు లాగేసేవి, ఎడమ కనురెప్ప వాలిపోయేది. మొదట చూపించిన చోట కళ్లజోడు రాసిచ్చారు! చివరికి మయస్థీనియా గ్రావిస్ అని తేలింది, అంటే నరాల సంకేతం సరిగా అందక కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బు. థైమస్ తీసేశాక వచ్చిన బయాప్సీ రిపోర్టులో "జెర్మినల్ సెంటర్లు" అని ఉంది. లింఫ్ గ్రంథుల్లో బి కణాలు పెరిగే గూళ్లు థైమస్‌లోకి ఎట్లొచ్చాయని చదవడం మొదలుపెట్టాను.

ఆరోగ్యంగా ఉన్న థైమస్‌లోనూ బి కణాలుంటాయి, నూటికి ఒకటి కూడా ఉండవు, ఎక్కువగా మెడుల్లాలో, అంటే థైమస్ లోపలి భాగంలో. బి కణం తన రిసెప్టర్‌తో మన ఒంటి ప్రోటీన్‌నే పట్టుకుని, ముక్కలు చేసి, ఎంహెచ్‌సి-2 అనే పళ్లెం లాంటి ప్రోటీన్ మీద పెట్టి టి కణాలకు చూపిస్తుంది. ఆ ముక్కను గుర్తుపట్టిన సిడి4 టి కణం (వేరే కణాలకు సాయపడే రకం) తన మీది సిడి40 లైగాండ్ అనే ప్రోటీన్‌ను బి కణం మీది సిడి40 అనే రిసెప్టర్‌కి తగిలిస్తుంది. అంతే, బి కణం మేలుకుంటుంది. బయటైతే ఈ పనికి క్రిమి రావాలి. థైమస్‌లో ఇంకా జల్లెడ పట్టని టి కణాలుంటాయి, వాటిలో సొంత ఒంటి మీదికే తిరగబడేవి బోలెడు. అందుకే ఇన్ఫెక్షన్‌తో పని లేదు.

మేలుకున్న బి కణంలో ఎంహెచ్‌సి-2, టి కణానికి సంకేతమిచ్చే సిడి80 పెరుగుతాయి, ఒంట్లో వేరే చోట్ల ఉండే ప్రోటీన్లను థైమస్‌లో తయారు చేయించే ఎయిర్ అనే జన్యువు కూడా పనిచేస్తుంది. 2015లో మ్యూనిక్ పరిశోధకులు ఎలుకల్లో దీన్ని చూపించారు. నాకు నచ్చిన మలుపు ఇక్కడుంది: ఇలా బలం పుంజుకున్న బి కణం, తనను లేపినలాంటి టి కణాలకే ఎసరు పెడుతుంది. సొంత ముక్కను గట్టిగా పట్టుకున్న టి కణం అక్కడే చచ్చిపోతుంది.

అక్క థైమస్‌లో ఇలాంటి కట్టడి ఎక్కడో తప్పినట్టుంది. నరం సంకేతాన్ని అందుకునే కండరాల ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ మీద యాంటీబాడీలు తయారయ్యాయి. ఆపరేషన్ అయిన మర్నాడే తగ్గిపోతుందనుకున్నాం, తగ్గలేదు. కండరాల బలహీనతకు వేసుకునే పిరిడోస్టిగ్మిన్ మాత్రలు సగానికి రావడానికి రెండేళ్లు పట్టింది.