బత్తాయి తొక్కతో తుప్పు ఆపే చదువుకి ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మాది గాజువాక. చిన్న వెల్డింగ్ షాపు ఉంది, గేట్లు, గ్రిల్స్ చేస్తాను. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి ఏడాది. కాలేజీ ప్రాజెక్టు కోసం జ్యూస్ బండి వాళ్ళు పారేసే బత్తాయి తొక్కలు తెచ్చి, ఎండబెట్టి, పొడి కొట్టి మరిగించింది. ఆ కషాయం కలిపిన యాసిడ్‌లో ఇనుము 88 శాతం తక్కువ అరిగిందని చూపించింది. ఎమ్మెస్సీ చేసి ఇదే లైన్‌లో రీసెర్చ్‌కి వెళ్తానంటోంది. మా బావగారు బీఈడీ చేయించమంటున్నారు. ఇంకొకరు సాఫ్ట్‌వేర్ కోర్సు అంటున్నారు. తొక్కలతో తుప్పు ఆపడం నేర్చుకుంటే ఎవరైనా ఉద్యోగం ఇస్తారా సార్? నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: సూటిగా చెప్పేస్తానండీ. తొక్కలతో తుప్పు ఆపేవాళ్ళు కావాలని ఏ పేపర్లోనూ ప్రకటన పడదు. తుప్పు ఆపేవాళ్ళు కావాలనుకునే చోట్లు మాత్రం మీ ఊరి చుట్టూనే ఉన్నాయి. స్టీల్ ప్లాంట్, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, హిందుస్థాన్ షిప్‌యార్డ్, పోర్టు, నేవల్ డాక్‌యార్డ్. మీ అమ్మాయి తొక్క కోసం చదువుతానంటే నేను వద్దంటాను. తుప్పు కోసం చదువుతానంటే చదివించమంటాను.

ముందు ఆమె చేసిందేమిటో మీ పని భాషలోనే చెప్తాను. వెల్డింగ్ రాడ్డు మీద ఫ్లక్స్ పూత ఎందుకుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అది కరిగి స్లాగ్‌గా పైన కప్పుకుని, వేడి మీదున్న ఇనుముకి గాలి తగలనివ్వదు. తొక్క కషాయం చేసేదీ దాదాపు అలాంటి కాపలాయే. ఇనుముని యాసిడ్‌లో వేస్తే అది ఎలక్ట్రాన్లు వదిలి కరుగుతుంది. యాసిడ్‌లోని హైడ్రోజన్ వాటిని అందుకుని బుడగలుగా పైకి లేస్తుంది. తొక్కల్లో, ఆకుల్లో ఉండే టానిన్లు, ఫ్లేవనాయిడ్ల లాంటి అణువుల్లో ఆక్సిజన్, కొన్నిట్లో నైట్రోజన్ ఉంటాయి. వాటి పట్టుతో ఆ అణువులు ఇనుము ఉపరితలానికి అంటుకుని, యాసిడ్‌కి చోటు తగ్గిస్తాయి. కంటికి కనపడనంత పలుచని పొర అది. దీన్ని ఇన్‌హిబిటర్ అంటారు. అందుకని మీ గేటుకి రెడ్ ఆక్సైడ్ బదులు బత్తాయి రసం పూస్తే సరిపోతుందేమో అనుకోకండి, రెండు వానలకి కడుక్కుపోతుంది!

మరి యాసిడ్‌లో ఇనుము వేసే అవసరం ఎవరికి? వేడిగా రోలింగ్ చేసిన స్టీలు మీద నల్లటి పెచ్చు ఏర్పడుతుంది. గాల్వనైజింగ్‌కి ముందు దాన్ని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ముంచి వదలగొడతారు. దాన్నే పిక్లింగ్ అంటారు. పెచ్చు పోయాక యాసిడ్ ఊరుకోదు, అసలు ఇనుముని తినడం మొదలుపెడుతుంది. ఇన్‌హిబిటర్ కలిపేది అప్పటి కోసమే. చమురు బావుల్లోకి యాసిడ్ పంపేటప్పుడు పైపులు దెబ్బతినకుండా కూడా కలుపుతారు. అక్కడ వాడే ప్రొపార్జిల్ ఆల్కహాల్ లాంటివి విషాలు. తుప్పు ఆపడానికి ఒకప్పుడు విరివిగా వాడిన క్రోమేట్‌లు క్యాన్సర్ కారకాలు. అందుకే ప్రపంచమంతా తొక్కల వైపు, ఆకుల వైపు, పిప్పి వైపు చూస్తోంది. 2010లో బ్రెజిల్ పరిశోధకులు మామిడి, నారింజ, పాషన్ ఫ్రూట్, జీడిమామిడి తొక్కల కషాయాలని ఇలాగే యాసిడ్‌లో స్టీలు మీద పరీక్షించి, పనిచేస్తున్నాయని చూపించారు.

ఇనుముకీ టానిన్‌కీ ఉన్న చుట్టరికం మనవాళ్ళకి కొత్తేం కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. కరక్కాయ నిండా టానిన్లే. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో పులియబెట్టి ఆ నీళ్ళతో గీత గీస్తారు. గీసినప్పుడు వెలిసిపోయినట్టుండే గీత, బట్టలోని కరక్కాయ తగిలి నల్లబడుతుంది. అక్కడ పుట్టేది ఇనుము-టానిన్ సమ్మేళనం. తుప్పు మీద పూస్తే దాన్ని నల్లటి గట్టి పొరగా మార్చే రస్ట్ కన్వర్టర్లు బజార్లో దొరుకుతాయి కదా, వాటిలో టానిక్ యాసిడ్ ఉన్నవి చేసే పని సరిగ్గా ఇదే. రేపు ఇంటర్వ్యూలో మీ అమ్మాయి ఈ కలంకారీ సంగతితో మొదలుపెడితే ఎదుటివాళ్ళు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

ఇక కాస్త చేదు మాట. ఆ 88 శాతం చూసి మురిసిపోకండి. కషాయం లేకుండా ముక్క 100 మిల్లీగ్రాములు పోగొట్టుకుని, కషాయంతో 12 పోగొట్టుకుంటే 88 శాతం. అంతే లెక్క. వేపాకు, అరటి తొక్క, టీ పిప్పి, కాఫీ పిప్పి... దేని మీద చూసినా ఇలాంటి పరిశోధన పత్రాలున్నాయి, చాలావాటిలో అంకె 90కి అటూ ఇటూనే. ఆకు మారుతోంది గానీ పేపరు మారట్లేదని నేను విద్యార్థులతో అంటుంటాను. వాళ్ళకి కోపం వస్తుంది, అది వేరే విషయం. ఫ్యాక్టరీ ఇంజనీరు శాతం అడగడు. ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు అరుగుతుంది అని అడుగుతాడు. తర్వాత వరసగా అడిగేవి ఇంకా కష్టం. యాసిడ్‌ని 60 డిగ్రీలకి వేడి చేస్తే అదే ఫలితం వస్తుందా? ఎండాకాలం బత్తాయికీ వానాకాలం బత్తాయికీ ఒకటే పనితనమా? కషాయం డ్రమ్ములో నెల రోజులుంటే బూజు పట్టదా? చెట్టు నుంచి వచ్చే సరుకులో ప్రతి బ్యాచ్ ఒకేలా ఉండదు. ల్యాబ్‌లో గెలిచినవి ఎక్కువగా ఆగిపోయేది అక్కడే.

గడప దాటినవి లేకపోలేదు. మీకు దగ్గర్లోనే పలాస ఉంది. జీడిపిక్కల పెంకుల్లో చేతులు కాల్చే నల్లటి నూనె ఉంటుంది. దాన్నుంచి తీసే కార్డనాల్‌తో ఎపాక్సీ పెయింట్లని గట్టిపరిచే హార్డెనర్లు తయారవుతాయి. చలిలోనూ తడి ఉపరితలం మీదా గట్టిపడతాయి కాబట్టి ఓడల పెయింట్లలో వాడతారు. మొక్క వ్యర్థంతో ఉక్కుని కాపాడటం నిజంగా వ్యాపారంగా నిలబడిన చోటు ఇది. వరి ఊకని సరిగ్గా కాల్చిన బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా ఉంటుంది. కాంక్రీటులో కలిపితే ఉప్పు నీరు లోపలి కడ్డీల దాకా పాకడం తగ్గుతుంది. అందుకని మీ అమ్మాయికి నా మొదటి సలహా, బత్తాయి తొక్క దగ్గరే కూర్చోవద్దని. ఎలక్ట్రోకెమిస్ట్రీ, పెయింట్లు, పాలిమర్లు కూడా గట్టిగా నేర్చుకోవాలి.

అసలు తుప్పుకి అంత సీనుందా అని మీ బావగారు అడగొచ్చు. 2016లో నేస్ అనే అంతర్జాతీయ సంస్థ వేసిన అంచనాలో ప్రపంచానికి తుప్పు వల్ల ఏటా 2.5 లక్షల కోట్ల డాలర్ల నష్టం. ప్రపంచ ఆదాయంలో అది 3.4 శాతం. అంకె మరీ పెద్దదై మనసుకి ఆనకపోతే 2014 జూన్ 27 గుర్తు చేయండి. అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో తెల్లవారుజామున గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. గ్యాస్‌తో పాటు వచ్చిన నీటి వల్ల ఆ పైపు లోపల్నుంచి తుప్పు పట్టిపోయింది.

ఇప్పుడు దారి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి ఏపీ పీజీసెట్ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ పీజీ, ఐఐటీలకి జామ్. జామ్ దరఖాస్తులు మామూలుగా సెప్టెంబరు, అక్టోబరుల్లో, పరీక్ష ఫిబ్రవరిలో. మూడూ రాయనివ్వండి. వీలైతే ఫిజికల్ కెమిస్ట్రీ బలంగా ఉన్న డిపార్ట్‌మెంట్ చూసుకోవాలి, తుప్పు వేగాన్ని కరెంటుతో కొలిచే పొటెన్షియోస్టాట్ అనే యంత్రం విద్యార్థుల చేతికి ఇస్తారో లేదో చేరకముందే సీనియర్లని అడగాలి. అది అద్దాల బీరువాలో ఉండి తాళం ప్రొఫెసర్ గారి దగ్గరుంటే ఉపయోగం లేదు.

రీసెర్చ్ సంగతి. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. పీహెచ్‌డీ నాలుగైదేళ్ళు పడుతుంది. జేఆర్‌ఎఫ్ గానీ ఇంకేదైనా ఫెలోషిప్ గానీ లేకుండా, మీ జేబులోంచి పెట్టి పీహెచ్‌డీ చేయించవద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. చేరదగ్గ చోట్లు కారైకుడిలోని సెక్రి (కేంద్ర ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థ), జంషెడ్‌పూర్‌లోని నేషనల్ మెటలర్జికల్ ల్యాబ్, కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం, ఓడల తుప్పు మీద పనిచేసే అంబర్‌నాథ్‌లోని నేవీ మెటీరియల్స్ ల్యాబ్.

ఎమ్మెస్సీతోనే ఆగిపోవాలన్నా బయటికి తలుపులున్నాయి. బాయిలర్లకీ కూలింగ్ టవర్లకీ నీటి కెమికల్స్ సరఫరా చేసే కంపెనీలు, పెయింట్ కంపెనీల ల్యాబ్‌లు, రిఫైనరీల్లో పరీక్షల విభాగాలు. పూత సరిగ్గా పడిందో లేదో తనిఖీ చేసే కోటింగ్ ఇన్‌స్పెక్టర్ పని కూడా ఉంది. దానికి ఏఎంపీపీ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్‌కి గల్ఫ్‌లోనూ విలువ ఉంది. కోర్సు ఖరీదు ఎక్కువ, కాబట్టి ముందు ఉద్యోగంలో చేరి ఆ కంపెనీ చేత కట్టించుకోవడం తెలివైన పని. సైట్ ఉద్యోగమంటే హెల్మెట్ పెట్టుకుని ట్యాంకులెక్కాలి, ఊళ్ళు తిరగాలి. ఆడపిల్ల కదా అని మీరే నిర్ణయం తీసుకోకండి, ఆమెనే అడగండి. బీఈడీ అంటారా, ఎమ్మెస్సీ అయ్యాక కూడా చేయొచ్చు, ఎక్కడికీ పోదు. సాఫ్ట్‌వేర్ కోర్సు గురించి నేను చెప్పేదేం లేదు, ఆమె అడగలేదు కదా.

ఈలోపు మీ ఇద్దరూ కలిసి చేయగలిగిన పని ఒకటుంది. మండపం దగ్గర సముద్రపు ఒడ్డున సెక్రికి ఒక కేంద్రం ఉంది. లోహపు ముక్కల్ని ఉప్పుగాలికి, సముద్రపు నీటికి వదిలి ఏళ్ళ తరబడి చూస్తారు. మీకు సముద్రం పక్కనే ఉంది, కటింగ్ మెషీను షాపులోనే ఉంది. ఒకే ఎంఎస్ (మైల్డ్ స్టీల్) షీటు నుంచి ఒకే కొలతలో పన్నెండు ముక్కలు కోసి, ఎమరీ పేపర్‌తో రుద్ది, ఒక్కొక్కటీ తూకం వేసి ఆమెకివ్వండి. మూడు ఉత్తవి, మూడు రెడ్ ఆక్సైడ్ వేసినవి. మిగతా ఆరింటికి ముందు తుప్పు పట్టనిచ్చి, వైర్ బ్రష్ కొట్టి, కరక్కాయ కషాయం పూయాలి. వాటిలో మూడింటికి పైన రెడ్ ఆక్సైడ్ కూడా వేయాలి. తీరంలో తెలిసినవాళ్ళ మేడ మీద వచ్చే దీపావళి దాకా ఉంచి, నెలనెలా ఫోటో తీసి నోట్‌బుక్‌లో రాయాలి. యాసిడ్ ప్రయోగాలు మాత్రం కాలేజీ ల్యాబ్‌లోనే, ఇంట్లో వద్దు. ముక్కల్ని వేలాడదీయడానికి నైలాన్ తాడు వాడండి. ఇనుప తీగ కడితే ఆ తీగ తుప్పు కారి ముక్కల మీద పడుతుంది, అప్పుడు ఏ తుప్పు ఎవరిదో తేలదు.