నీటి పొదుపు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 2024 వేసవిలో బెంగళూరు జలమండలి ఏరేటర్లు (ధారలో గాలి కలిపి నీటి వాడకం తగ్గించేందుకు కుళాయి మూతికి బిగించే జల్లెడ బిళ్లలు) పెట్టించమన్నప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో అన్ని కుళాయిలకూ ఒకే రకం బిగించారు. కింది ఇళ్లలో బాగానే ఉంది. మాది ట్యాంకు కిందే ఉన్న పై అంతస్తు. నీళ్లు సన్నగా కారుతున్నాయి. తీసేయమంటారా?
– పాఠకురాలు, బెంగళూరు

జవాబు: కొన్నింటికి తీసేయండి. నీటిమట్టం కుళాయి కంటే 10 మీటర్లు పైన ఉంటే సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది. మీకు ఆ ఎత్తు మూడు మీటర్లే అయితే 0.3 బార్‌కు మించదు. గ్రౌండ్ ఫ్లోర్‌కు సరిపోయిన ఏరేటర్ మీకు సరిపోకపోవడం సహజం. ప్రెషర్ పంపు ఉంటే మాత్రం ఈ లెక్క వర్తించదు, జల్లెడ పూడిందేమో చూడాలి.

ముందు ఏరేటర్ విప్పి, కుళాయి పూర్తిగా తిప్పి లీటరు జగ్గు పెట్టండి. 60ని పట్టిన సెకన్లతో భాగిస్తే నిమిషానికి ఎన్ని లీటర్లో తెలుస్తుంది. 5 సెకన్లలో నిండితే 12 లీటర్లు: అక్కడ ఏరేటర్ తప్పక పెట్టాలి. 12 సెకన్లు పడితే వచ్చేదే 5 లీటర్లు. ఇక తగ్గించడానికి పెద్దగా ఏముంది? చేతులు కడిగే వాష్‌బేసిన్‌కు నిమిషానికి 3 లీటర్ల స్ప్రే రకం, వంటగది సింకుకు 6 లీటర్ల రకం చాలు. బకెట్ నింపుకునే కుళాయికి మాత్రం వద్దు. బకెట్‌కు పట్టే నీళ్లు ఎలాగూ పడతాయి, మీరు నిలబడే సేపే పెరుగుతుంది. అన్నింటికీ ఒకే రకం బిగించేవారు ఈ సంగతే మరిచిపోతారు.

కొనేముందు కుళాయి మూతి చూడండి. మర లోపల ఉంటే సాధారణంగా 24 మిల్లీమీటర్లది, బయట ఉంటే 22ది సరిపోతుంది. మర లేని పాత కుళాయికి ఇవి బిగవవు. రబ్బరు వాషర్ మరిచిపోతే పక్కల నుంచి చిమ్ముతుంది. బోరు నీళ్లయితే జల్లెడకు తెల్లని పొర కడుతుంది. విప్పి, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దండి. భాగాలు ఏ వరుసలో ఉన్నాయో ముందే ఫోన్‌లో ఫోటో తీసుకుంటే మళ్లీ అమర్చేటప్పుడు తికమక ఉండదు. ట్యాంకు కడిగించిన మర్నాడు ధార తగ్గితే ఇసుక చేరిందన్నమాట.

ప్రశ్న: మా పాత ఫ్లష్ ట్యాంకు 10 లీటర్లది. లోపల ఇటుక వేస్తే నీళ్లు మిగులుతాయా?
– పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇటుక వేయకండి. అది నానిపోయి పొడి రాలుతుంది, ఆ పొడి అడుగు సీలు కింద చేరి రాత్రింబవళ్లు లీకవుతుంది. లీటరు సీసాలో నీళ్లు నింపి, మూత బిగించి, ఫ్లోటు కదలికకు అడ్డు లేని మూలన పెట్టండి. అయితే పాత కమోడ్ 10 లీటర్లకు తయారైంది. రెండోసారి ఫ్లష్ చేయాల్సి వస్తే సీసా తీసేయడమే లాభం.

అంతకంటే ముందు లీకు చూడండి. ట్యాంకులో బట్టల నీలిమందు కొద్దిగా వేసి 20 నిమిషాలు ఎవరూ ఫ్లష్ చేయకుండా ఆగండి. కమోడ్‌లో నీలం కనిపిస్తే సీలు మార్చాలి. అయితే మార్చేముందు ఒకసారి ఓవర్‌ఫ్లో గొట్టం చూడండి: నీటిమట్టం దాని అంచుకు రెండు మూడు సెంటీమీటర్లు కిందే ఆగాలి, లేకుంటే ఫ్లోటు దించండి. కమోడ్ మార్చే ఆలోచన ఉంటే పెద్ద మీటకు 6, చిన్న మీటకు 3 లీటర్లు వదిలే రెండు మీటల రకం తీసుకోండి. ఇంట్లో అందరూ కలిసి రోజుకు 15 సార్లు చిన్న మీట నొక్కితే, 10 లీటర్ల ఫ్లష్‌తో పోల్చినప్పుడు 105 లీటర్లు మిగులుతాయి. ఏ మీట దేనికో పిల్లలకు చెప్పాలి సుమా.

ప్రశ్న: ఆర్వో వదిలేసే నీళ్లు కరివేపాకు కుండీకి పోయవచ్చా?
– పాఠకురాలు, కరీంనగర్

జవాబు: రోజూ వద్దు. బోరు నీటిలోని లవణాలు అందులో ఇంకా చిక్కబడి ఉంటాయి, కుండీ మట్టిలో పేరుకుంటే ఆకుల అంచులు మాడతాయి. ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్ కడగడానికి వాడండి. తాగునీటి ట్యాంకు నిండి మెషిన్ ఆగాక కూడా వ్యర్థపు గొట్టంలోంచి చుక్కలు ఆగకుండా పడుతుంటే మెషిన్ ఆగగానే నీటిని ఆపే సోలినాయిడ్ వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదేమో మెకానిక్‌తో చూపించండి.