30 సిస్టమ్‌లు క్లోన్ చేస్తే సర్వర్‌లో ఒక్కటే కనిపిస్తోందా?

అన్నా, అనంతపురం ఆఫీసులో 30 సిస్టమ్‌లు క్లోన్ చేసి (ఒకదాని డిస్క్ కాపీనే మిగతావాటిలో వేసి) పేర్లు వేరువేరుగా పెట్టినా, ఆఫీసు సిస్టమ్‌లకు విండోస్ అప్‌డేట్స్ పంచే డబ్ల్యూసస్ సర్వర్‌లో ఒక్కటే కనిపిస్తోందన్నారు కదా. అది నెట్‌వర్క్ తప్పు కాదు. సిస్‌ప్రెప్ (కాపీకి ముందు సిస్టమ్ సొంత గుర్తింపులు తుడిచే విండోస్ టూల్) చేయకుండా ఇమేజ్ (డిస్క్ కాపీ) తీసుంటారు, సర్వర్ ఒక్కో సిస్టమ్‌ను గుర్తుపట్టే సస్‌క్లయింట్‌ఐడీ అన్నింటికీ ఒకటే పడిపోయింది. కర్నూలులో నాకూ ఇదే జరిగింది, కేబుళ్లు మారుస్తూ రెండు రోజులు పోగొట్టుకున్నా.

ఒక్కో సిస్టమ్‌లో విండోస్ అప్‌డేట్ సర్వీసు ఆపి, రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగ్‌లు ఉండే చోట) ఆ ఐడీని, దాని పక్కనే ఉండే వాలిడేషన్ విలువనూ తీసేయండి. సర్వీసు మళ్లీ మొదలుపెట్టి అప్‌డేట్స్ చెక్ చేయిస్తే ఒక్కొక్కటే లిస్టులోకి వస్తాయి.

ఈసారి మాత్రం మాస్టర్ సిస్టమ్‌లో (కాపీ తీసే అసలు సిస్టమ్) సిస్‌ప్రెప్‌లోని జనరలైజ్ ఆప్షన్ పెట్టి షట్‌డౌన్ చేయండి. ఆ తర్వాత విండోస్‌లోకి పోనీయకుండా, నేరుగా పెన్‌డ్రైవ్‌తో, డిస్క్ కాపీ తీసే క్లోనెజిల్లా టూల్‌లోకి బూట్ చేసి ఇమేజ్ తీయండి. డొమైన్‌లో (ఆఫీసు సిస్టమ్‌లన్నింటినీ ఒకేచోట నుంచి నిర్వహించే నెట్‌వర్క్) చేర్చడం క్లోన్ అయ్యాకే.