లక్షల ఫైళ్ళలో వెతికే ముందు: అమ్మలుకి బాబాయి ఉత్తరం

చిరంజీవి అమ్మలుకి, బాబాయి ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. 4 లక్షల తెలుగు టెక్స్ట్ ఫైళ్ళలో 20 మాటలు ఎన్నెన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టమని రాత్రి స్క్రిప్టు పెట్టి పడుకున్నావు. తెల్లారి లేచి చూస్తే అది ఇంకా ఆరో మాట దగ్గరే ఉంది. కొత్త ల్యాప్‌టాప్ కొనాలా అని అడిగావు. వద్దు తల్లీ. నువ్వు పంపిన నాలుగు లైన్ల లూపులోనే ఉంది చిక్కంతా. కమాండ్లని నోటితో చెప్పినట్టే తెలుగులో రాస్తున్నాను, నువ్వు కీబోర్డు మీద ఇంగ్లీషులో కొట్టుకో.

నీ లూపు ఒక్కో ఫైలుకీ దాన్ని చదివి బయటపెట్టే క్యాట్ నడిపిస్తోంది, ఆ వచ్చిందాన్ని మాటలు వెతికే గ్రెప్‌లోకి పంపుతోంది, దొరికినవాటిని లెక్కపెట్టే డబ్ల్యూసీతో లెక్కపెడుతోంది. అంటే ఫైలుకి మూడు ప్రోగ్రాములు. 4 లక్షల ఫైళ్ళకి 12 లక్షలసార్లు సిస్టమ్ ఒక కొత్త ప్రోగ్రాముని మొదలుపెట్టి, నడిపి, ముగించాలి. ఒక్కోటి మొదలవడానికి ఒక్క మిల్లీసెకనే అనుకున్నా 1,200 సెకన్లు, ఇరవై నిమిషాలు. వెతకడం అందులో లెక్కలోకే రాలేదు. పైగా నీ ఫైళ్ళు పాత తిరిగే డిస్కు మీద ఉన్నాయన్నావు. అక్కడ ఒక చిన్న ఫైలు దగ్గరికి చేరడానికి పది మిల్లీసెకన్ల దాకా పడుతుంది, అన్నిటికీ కలిపి గంట దాటుతుంది. అంతా కలిపి ఒక్క మాటకి దాదాపు గంటన్నర. నువ్వు ఇదంతా 20 మాటలకి 20సార్లు చేయిస్తున్నావు. ఇక రాత్రికి రాత్రి ఎలా అవుతుంది చెప్పు?

కాబట్టి మొదట చెయ్యాల్సింది ఫైళ్ళ చుట్టూ 20సార్లు తిరగడం ఆపడం. ఆ 20 మాటల్నీ లైనుకొకటి చొప్పున ఒక ఫైల్లో రాసి, గ్రెప్‌కి మైనస్ చిన్న ఎఫ్ ఇచ్చి దాని పేరు చెప్పు. అన్ని మాటలూ ఒకేసారి వెతుకుతుంది. ఆ ఫైల్లో ఖాళీ లైను ఒక్కటి కూడా ఉండకూడదు, ఉంటే అది ప్రతి లైనుకీ సరిపోయినట్టే. దాంతోపాటు మైనస్ పెద్ద ఎఫ్ కూడా పెట్టు. నువ్వు వెతికేవి ఉన్నవి ఉన్నట్టు మాటలే, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, అంటే గుర్తులతో రాసే నమూనాలు కావు కదా. ఆ సంగతి గ్రెప్‌కి చెబితే దాని పని తేలికవుతుంది. మైనస్ ఓ పెడితే దొరికిన మాట మటుకే బయటికొస్తుంది, మైనస్ చిన్న హెచ్ పెడితే ఫైలు పేరు రాదు. ఆ వచ్చినదాన్ని వరసలో పెట్టే సార్ట్‌లోకీ, అక్కణ్ణుంచి ఒకేలాంటి లైన్లని లెక్కపెట్టే యూనిక్ మైనస్ సీలోకీ పైపు చేస్తే, అంటే ఒకదాని ఫలితాన్ని నేరుగా ఇంకోదానికి అందిస్తే, ఏ మాట ఎన్నిసార్లో లెక్క చేతికొస్తుంది. పైపులు 1973లో బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ పట్టుబట్టడం వల్ల యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి వచ్చాయి. ఇప్పటికీ ఇంత పనికొచ్చే వసతి కంప్యూటర్‌లో ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

ఇక రెండోది, ప్రతి ఫైలుకీ కొత్త గ్రెప్‌ని లేపకపోవడం. ఫోల్డర్లలో ఫైళ్ళని వెతికిపెట్టే ఫైండ్‌లో, దొరికినవాటి మీద ఇంకో ప్రోగ్రాం నడిపే మైనస్ ఎగ్జెక్ వాడేటప్పుడు చివర సెమీకోలన్ పెడితే ఫైలుకొక ప్రోగ్రాం లేస్తుంది. అదే చోట ప్లస్ గుర్తు పెడితే, ఒక్క కమాండులో పట్టినన్ని పేర్లు కలిపి ఒకేసారి అందిస్తుంది. ఎక్స్‌ఆర్గ్స్ అనే ప్రోగ్రాం చేసేదీ ఇదే. లినక్స్‌లో మామూలుగా ఉండే గ్నూ రకం ఎక్స్‌ఆర్గ్స్ ఒక్కో కమాండుకి 128 కిలోబైట్ల దాకా పేర్లు నింపుతుంది. నీ ఫైళ్ళ పేర్లు దారితో సహా నలభై బైట్లుంటే ఒక్కసారికి 3 వేలకి పైగా పడతాయి. 4 లక్షలసార్లు లేవాల్సిన గ్రెప్ నూటయాభైసార్లు కూడా లేవదు. క్యాట్‌తో అసలు పనే లేదు, గ్రెప్ ఫైళ్ళని తనే తెరుచుకుంటుంది.

పేర్లలో ఖాళీలుంటే మాత్రం జాగ్రత్త. నీ ఫోల్డర్లలో పత్రికల పేర్లు, నెలలు, ఏళ్ళు మధ్యలో స్పేసులతో ఉన్నాయి. డాలర్ బ్రాకెట్లలో ఫైండ్ పెట్టి ఫర్ లూప్ నడిపితే ఒక్క పేరు మూడు ముక్కలవుతుంది, ఆ ఫైళ్ళు లెక్కలోకి రావు. ఎర్రర్ మెసేజ్ వస్తుంది గానీ వేల లైన్ల మధ్య ఎవరు చూస్తారు? అందుకని ఫైండ్‌కి మైనస్ ప్రింట్ జీరో, ఎక్స్‌ఆర్గ్స్‌కి మైనస్ జీరో ఎప్పుడూ జంటగా వాడు. పేరుకీ పేరుకీ మధ్య సున్నా బైటు ఉంటుంది. ఆ బైటు ఫైలు పేరులో రావడానికి వీల్లేదు కనుక ఇక తికమక ఉండదు.

ఇప్పటిదాకా చెప్పింది వేగం గురించి. నీకు నిజంగా టెన్షన్ పెట్టాల్సింది తెలుగు గురించి. లెక్క తొందరగా వచ్చి తప్పయితే నీ పరిశోధనకి ఏం లాభం?

సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు వ వత్తుగా పడకుండా మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం పెడతారు. యూనికోడ్‌లో దాని నంబరు 200సి, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కొందరు పెడతారు, కొందరు పెట్టరు, బొమ్మలోంచి అక్షరాలు చదివే ఓసీఆర్ తన ఇష్టమొచ్చినట్టు పెడుతుంది. తెరమీద మాట ఒకేలా కనపడినచోట కూడా గ్రెప్‌కి అవి వేరు వేరు మాటలు. అలాగే ఐత్వం. అది ఒకే అక్షరంగా ఉండొచ్చు, లేదా ఎత్వమూ దాని కింద గుర్తూ విడివిడిగా ఉండొచ్చు. చూపుకి రెండూ ఒకటే, బైట్లు వేరు. అందుకే వెతకడానికి ముందు మొత్తం ఫైళ్ళకి ఒక కాపీ తీసి, ఆ కాపీని యూకన్వ్ అనే ప్రోగ్రాంతో ఎన్ఎఫ్‌సీ రూపంలోకి, అంటే విడి గుర్తులు ఒకే అక్షరంగా కలిసే రూపంలోకి మార్చు, కనపడని అక్షరాన్ని టెక్స్టుని మార్చే సెడ్‌తో తీసెయ్యి. వెతికే మాటల జాబితాకీ ఇదే పని చెయ్యి. ఇది మటుకు ఎంత సమయం పట్టినా విసుక్కోకుండా చెయ్యి అమ్మలూ.

కమాండు ముందు ఎల్‌సీ ఆల్ ఈక్వల్స్ సీ పెడితే గ్రెప్, సార్ట్ రెండూ అక్షరాల్ని కాక బైట్లని పోలుస్తాయి, సాధారణంగా వేగం పెరుగుతుంది. మాటల్ని ఉన్నవి ఉన్నట్టు వెతికేటప్పుడు తెలుగుకి దానివల్ల నష్టం లేదు. కానీ పూర్తి మాటల్నే పట్టాల్సిన మైనస్ డబ్ల్యూ అప్పుడు నమ్మదగ్గది కాదు. తెలుగు అక్షరాలేవీ దాని లెక్కలో మాటలో భాగం కావు, అందుకని రైతు అని వెతికితే రైతులు, రైతుబజారు కూడా వచ్చేస్తాయి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లో ఏదో ఒక అక్షరం అని చెప్పే చుక్క గుర్తు కూడా ఒక బైటునే పట్టుకుంటుంది, మన అక్షరానికేమో కనీసం మూడు బైట్లు. ఇంకోటి. నీ జాబితాలో రైతు, రైతులు రెండూ ఉంటే మైనస్ ఓ పొడుగుదాన్నే చూపిస్తుంది. రైతు లెక్కలో రైతులు కలవాలా వద్దా అన్నది ముందే నీ గైడుని అడిగి తేల్చుకో.

ఎక్స్‌ఆర్గ్స్‌కి మైనస్ పెద్ద పి 4 ఇస్తే నాలుగు గ్రెప్‌లు ఒకేసారి నడుస్తాయి. తిరిగే భాగాల్లేని ఎస్ఎస్‌డీ డిస్కు మీద బాగుంటుంది. తిరిగే డిస్కు మీద అవి ఒకదానికొకటి అడ్డం పడతాయి, ముందు ఫైళ్ళని ఎస్ఎస్‌డీ మీదికి మార్చుకో. నాలుగూ ఒకే చోటికి రాస్తే లైన్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవచ్చు కాబట్టి దేని ఫలితాన్ని దాని ఫైల్లోకే పంపు. రిప్‌గ్రెప్ అని 2016లో వచ్చిన ప్రోగ్రాం ఉంది, చాలా వేగం. అయితే అది గిట్ ఇగ్నోర్‌లో, అంటే పట్టించుకోవద్దని రాసిపెట్టిన జాబితాలో ఉన్న ఫైళ్ళనీ, చుక్కతో మొదలయ్యే ఫైళ్ళనీ చెప్పకుండా వదిలేస్తుంది. అన్నీ చూడాలంటే మైనస్ యూ మూడుసార్లు పెట్టాలి.

ఇక మార్చడం, చెరపడం. ఫైండ్ తనకిచ్చిన షరతుల్ని ఎడమనుంచి కుడికి చూస్తుంది. మైనస్ డిలీట్‌ని మైనస్ నేమ్ కంటే ముందు పెట్టావా, పేరు చూడకుండానే అన్నీ పోతాయి. ముందు డిలీట్ చోట ప్రింట్ పెట్టి జాబితా కళ్ళతో చూసుకో, తర్వాతే డిలీట్ రాయి. సెడ్ మైనస్ ఐ వాడితే దానికి ఆనుకుని డాట్ బ్యాక్ అని చేర్చు, పాత ఫైలు పక్కనే మిగులుతుంది. ఒక ఫైలుని సార్ట్ చేసి మళ్ళీ బాణం గుర్తుతో అదే పేరులోకి పంపకు. సార్ట్ చదవకముందే, కమాండ్లు నడిపే షెల్ ఆ ఫైలుని ఖాళీ చేసేస్తుంది.

ముందు ఒక్క ఫోల్డరు మీద, వంద ఫైళ్ళతో నడిపి చూడు. అందులో నాలుగైదు ఫైళ్ళు తెరిచి మాటల్ని చేత్తో లెక్కపెట్టి, కమాండు ఇచ్చిన లెక్కతో సరిపోతోందో లేదో నాకు రాయి. తేడా వస్తే ఆ ఫైళ్ళు పంపించు, కూర్చుని చూద్దాం.

ఉంటాను,
బాబాయి